గ్రాంటు బడి – ఎవరికి లెక్క అప్పగించాలి?

మన సంఘాల చరిత్రలో గుడికి ఎంత చోటున్నదో బడికీ అంత చోటున్నది. 1843లో రాబర్ట్ నోబుల్ దొరగారు మచిలీపట్నంలో పాఠశాల తెరచారు. ఇటువంటి మిషను బడులకు సర్కారు సొమ్ము ఒక క్రమపద్ధతిలో అందే మార్గం 1854 జూలై 19 నాటి వుడ్ డిస్పాచితో ఏర్పడింది.

గ్రాంటుతోపాటు షరతులూ వచ్చాయి. లౌకిక విద్య చక్కగా నేర్పవలెను. బాధ్యత వహించే స్థానిక యాజమాన్యం ఉండవలెను. ఇన్‌స్పెక్టరు తనిఖీకి ఒప్పుకొనవలెను. పిల్లలవద్ద కొద్దిపాటి జీతమైనా పుచ్చుకొనవలెను. మతబోధ జోలికి మాత్రం ఇన్‌స్పెక్టరు పోరాదు. పల్లెల్లో ఈ గీత గీయడం సులభం కాదు. పగలు పలక పట్టించే పంతులుగారే సాయంకాలం ప్రార్థన నడిపించే ఉపదేశి. బడి నడిచే పాకే గుడి కూడా.

ఇంగ్లండులో 1862లో వచ్చిన 'ఫలితాలను బట్టి గ్రాంటు' పద్ధతి ఆ దశాబ్దంలోనే మద్రాసు రాజధానిలోనూ ప్రవేశించింది. చదువు, రాత, లెక్కల్లో ఎందరు పిల్లలు గట్టెక్కితే అంత గ్రాంటు. ఖజానా దృష్టికి ఇది న్యాయమే. కాని కోతలనాడు చేనికి పోయే మాల మాదిగ పల్లెల పిల్లల మాటేమిటి? పరీక్షనాడు జ్వరపడిన బిడ్డ ఏడాది చదువు ఏ పద్దులో చేరుతుంది? అడగబోయే ప్రశ్నలే వల్లె వేయించాలనే శోధన పంతులుగారికి తప్పదు. లెక్క సరిపోయినా చదువు సరిపోదు.

స్వతంత్ర భారత రాజ్యాంగం అల్పసంఖ్యాకుల బడులకు సహాయంలో వివక్ష కూడదన్నది; సమ్మతి లేనిదే ఏ విద్యార్థినీ మతబోధకు కూర్చోబెట్టరాదనీ అన్నది. 1958లో కేరళ విద్యా బిల్లుపై అభిప్రాయం చెబుతూ సుప్రీంకోర్టు, బడిని నడిపే హక్కులో చెడ్డగా నడిపే హక్కు ఇమిడి లేదని తేల్చింది.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను, సిబ్బందిని తన చేతికి తీసుకొనే ఏర్పాటు తలపెట్టినప్పుడు, అనేక చోట్ల తల్లిదండ్రులు, విద్యార్థులు వీధిలోకి వచ్చి బడి ఉండాలని అడిగారు. సర్కారుకూ యాజమాన్యానికీ నడుమ కాగితాల వ్యవహారమనుకొన్నదానిలో అసలు హక్కుదారు ఎవరో అప్పుడు తెలిసింది.

కాబట్టి మనం చెప్పేదొకటే. సొమ్ము ఇచ్చినవారికి లెక్క చూపడం సగం బాధ్యత. మన కరస్పాండెంట్లు, బడి కమిటీలు హాజరు పట్టీని, ఖర్చు పుస్తకాన్ని, ఖాళీగా ఉన్న పంతుళ్ల స్థానాల వివరాన్ని ఏటేటా తల్లిదండ్రుల ముందు, సంఘం ముందు విప్పి చూపాలి. ఇన్‌స్పెక్టరు వచ్చేది ఏడాదికి ఏ ఒకటి రెండు రోజులో. బిడ్డ వచ్చేది ప్రతిదినం.