ఒంటరిగా బతికిన తల్లి

చావింటికి పరామర్శకు వెళ్లడమంత కష్టమైన పని ఇంకోటి లేదు. ఏం మాట్లాడాలో తెలీదు. తెలీనప్పుడు ఊరుకోవచ్చుగా? ఊరుకోం. ఏదో ఒకటి అనేస్తాం. మా వీధిలో బిడ్డను పోగొట్టుకున్న ఓ తల్లితో, ఓ పెద్దావిడ నా ఎదురుగానే, “ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నావో తల్లీ!” అంది. ఆవిడ మంచిదే, కన్నీళ్లతోనే అంది. కానీ ఆ పిల్ల మొహం నేనింకా మర్చిపోలేదు.

ఈ మాట మన దగ్గరే అంటారనుకునేదాన్ని. అన్నా స్పాఫర్డ్ కథ చదివాక కాదని తెలిసింది.

అన్నా 1842లో నార్వేలో పుట్టింది. చిన్నప్పుడే అమెరికా వచ్చింది. చికాగోలో హొరేషియో స్పాఫర్డ్ అనే లాయరును పెళ్లాడింది. నలుగురు ఆడపిల్లలు. భక్తిగల కుటుంబం, కలిగిన సంసారం. 1871 అక్టోబరులో చికాగో నగరం తగలబడింది. స్పాఫర్డ్ భూముల మీద పెట్టిన డబ్బంతా ఆ మంటల్లో పోయినట్టే అయింది.

రెండేళ్ల తర్వాత కాస్త ఊపిరి పీల్చుకుందామని యూరప్ ప్రయాణం పెట్టుకున్నారు. చివరి నిమిషంలో ఏదో వ్యవహారం అడ్డొచ్చి భర్త ఆగిపోయాడు. “మీరు పదండి, నేను వెనకాలే వస్తా” అన్నాడు. ఇలాంటి మాటలు మనమూ స్టేషన్లలో ఎన్నిసార్లు వినలేదు?

1873 నవంబరు 22, తెల్లవారుజామున రెండు గంటలవేళ, నడిసముద్రంలో ‘విల్ డు హావర్’ అనే ఆ ఓడను ‘లాక్ ఎర్న్’ అనే మరో ఓడ ఢీకొంది. పన్నెండు నిమిషాల్లో మునిగిపోయింది. 226 మంది పోయారు. పన్నెండేళ్లలోపు పెద్దదాని నుంచి రెండేళ్ల చంటిదాని దాకా నలుగురు పిల్లలూ పోయారు. చంటిది తల్లి చేతుల్లోనే ఉందట. నీళ్లు లాక్కుపోయాయి. స్పృహ లేకుండా చెక్కముక్క మీద తేలుతున్న అన్నాను ఎవరో పైకి తీశారు. ఒడ్డు చేరాక కార్డిఫ్ నుంచి భర్తకు టెలిగ్రాం ఇచ్చింది. ఒక్కర్తినే బతికాను, ఏం చెయ్యను, అని.

ఆ అడగడంలోనే ఆమె బతుకంతా ఉంది అనిపిస్తుంది నాకు.

భార్య కోసం ఓడెక్కిన స్పాఫర్డ్‌కు, పిల్లలు మునిగిన చోటు వచ్చినప్పుడు కెప్టెను పిలిచి చెప్పాడట. ఆ దుఃఖంలోంచి పుట్టిందే ‘ఇట్ ఈజ్ వెల్ విత్ మై సోల్’ అనే కీర్తన. ఆ ఓడలోనే రాశాడని కూతురు చెప్పింది. 1876లో తాను వాళ్లింట్లో బస చేసినప్పుడు రాశాడని గాయకుడు సాంకీ రాశాడు. ఏదైతేనేం, ఈనాటికీ ఎన్నో దేశాల్లో సమాధుల దగ్గర ఆ పాట పాడతారు. పాట ఆయన పేరున నిలిచింది. నీళ్లలో ఉన్నది మాత్రం ఆవిడ.

తర్వాత మళ్లీ పిల్లలు పుట్టారు. 1880లో నాలుగేళ్ల కొడుకు స్కార్లెట్ జ్వరంతో పోయాడు. అప్పుడు చర్చిలో కొందరు గుసగుసలు మొదలుపెట్టారు. ఇన్ని చావులా! ఏదో పాపం చేసి ఉంటారు, దేవుడు శిక్షిస్తున్నాడు అని. చూశారా, మా వీధి పెద్దావిడ చికాగోలో కూడా ఉంది!

ఆ దంపతులు ఆ మాట ఒప్పుకోలేదు. పసిపిల్లల్ని చంపి పెద్దల లెక్కలు సరిచేసే దేవుణ్ణి మేమెరగం అన్నట్టు, ఆ చర్చి వదిలేసి, 1881లో కొద్దిమంది స్నేహితులతో జెరూసలేం వెళ్లిపోయారు. అక్కడ అందరూ ఒకే కుటుంబంలా బతికారు. ‘అమెరికన్ కాలనీ’ అన్నారు దాన్ని. 1888లో స్పాఫర్డ్ పోయాక ఆ ఇంటిని నడిపింది అన్నాయే. ఆవిడ పొరపాట్లు లేని మనిషేం కాదు. ఏళ్ల తరబడి కాలనీలో పెళ్లిళ్లే వద్దంది. అయినా స్వీడన్ పల్లెరైతులు ఇళ్లూ పొలాలూ అమ్ముకుని వచ్చి చేరారు. ఆ కథనే సెల్మా లాగర్‌లోఫ్ ‘జెరూసలేం’ నవలగా రాసింది. 1909లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే.

మొదటి ప్రపంచయుద్ధంలో జెరూసలేం ఆకలితో అల్లాడింది. కాలనీవాళ్లు గంజికేంద్రాలు పెట్టారు. గాయపడ్డ సైనికులకు, ఏ పక్షంవాళ్లని అడక్కుండా, కట్లు కట్టారు. 1923లో అన్నా కన్నుమూసింది. రెండేళ్లకు, క్రిస్మస్ ముందురోజు, కూతురు బెర్తాకు ఓ పేదవాడు ఎదురయ్యాడు. జబ్బుపడ్డ భార్యా, గుడ్డల్లో చుట్టిన పసికందూ ఉన్నారు. తల్లి బతకలేదు. ఆ బిడ్డను బెర్తా తెచ్చి పెంచింది. అలా మొదలైన శిశుగృహం, ఆ కుటుంబం మొదట కాపురమున్న పాత ఇంట్లోనే నడిచింది.

నలుగురు బిడ్డల్ని సముద్రానికి ఇచ్చిన తల్లి ఇంట్లో ఎవరి బిడ్డలో ఉయ్యాలలూగారు. ఏం చెయ్యను అన్న టెలిగ్రాంకు జవాబు రావడానికి యాభై ఏళ్లు పట్టింది.

విశ్వాసం అంటే ఏడవకపోవడం అనుకునేదాన్ని నేను. అన్నా ఏడవకుండా ఉంటుందా? ఎందుకు పోయారు అన్నదానికి ఆవిడకు కూడా జవాబు దొరికి ఉండదు. శిక్ష కాదు అని మాత్రం గట్టిగా నమ్మింది. ఆ నమ్మకం మీదే కాళ్లూని నిలబడింది.

మొన్న మళ్లీ ఆ పిల్లను చూడ్డానికి వెళ్లాను. ఈసారి ఏమీ అనలేదు. ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్లి పక్కన కూచున్నాను. చాలాసేపటికి తనే, బాబు ఫోటో తీసి చూపించింది.