ఊట నుంచి అంగుళం దాకా: పశ్చిమ ప్రకాశంలో బావి నీటి లెక్కల చరిత్ర

ప్రవేశిక

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970లో కర్నూలు జిల్లా నుంచి విడివడి, తర్వాత ప్రకాశంగా పేరు మారిన కొత్త జిల్లాలో చేరాయి. ఇక్కడి సాగునీటి చరిత్ర సాధారణంగా గుండ్లకమ్మపై నిర్మించిన కంభం చెరువుతో మొదలై వెలిగొండ సొరంగాలతో ముగుస్తుంది. ఈ రెండింటి నడుమ ఉన్న బావుల చరిత్రకు తగిన చోటు దక్కలేదు. చెరువు వెనుక రాజవంశం ఉంటుంది, ప్రాజెక్టు వెనుక శిలాఫలకం ఉంటుంది. బావికి మిగిలేది రైతుల పదజాలమే. ‘ఊట’, ‘అంగుళం’ అనే రెండు మాటల ఆధారంగా ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఊట: కాలంతో కూడిన కొలత

మోట తోలిన రైతు బావిని రెండు విధాలుగా అంచనా వేసేవాడు. బావిలో ఉన్న నీరు నిలవ. తోడిన తర్వాత తెల్లవారేసరికి మళ్లీ చేరే నీరు ఊట. ‘ఊరు’ అనే క్రియ నుంచి వచ్చిన ఈ మాటలో నీటి పరిమాణంతో పాటు కాలం కూడా ఇమిడి ఉంది.

శాస్త్రం ఈ విషయాన్ని మరో దారిలో చేరుకుంది. ఇసుక గుండా నీరు ప్రవహించే సూత్రాన్ని ఫ్రాన్సులో హెన్రీ డార్సీ 1856లో ప్రకటించాడు. బావిని తోడుతున్నప్పుడు చుట్టూ నీటిమట్టం కాలక్రమంలో ఎలా తగ్గుతుందో 1935లో అమెరికాకు చెందిన థీస్ లెక్కగట్టాడు. ఘనపదార్థాల్లో ఉష్ణ ప్రసారానికి ఉన్న గణితాన్నే ఆయన భూగర్భ జలానికి అన్వయించాడు. వేడి ఎక్కువగా ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి సాగినట్లే, నీరు ఎగువ మట్టం నుంచి తోడిన బావి వైపు సాగుతుంది. అయితే థీస్ లెక్క బావి లోపలి నిలవను విస్మరించింది. వెడల్పాటి బావుల్లో ఆ నిలవను కూడా లెక్కలోకి తెచ్చిన సూత్రాన్ని 1967లో పాపడోపులోస్, కూపర్ అందించారు. రైతుకు ఆ సమీకరణం తెలుసని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. నిలవ వేరు, ఊట వేరు అనే భేదం అతని భాషలో ముందే స్థిరపడి ఉందన్నదే గమనించదగినది.

పైగా ఇది పలకరాతి నేల. థీస్ ఊహించినట్లు నీరు రాతిలో సమంగా పరుచుకొని ఉండదు, పగుళ్లలో ఉంటుంది. అందుకే పక్కపక్క బావుల ఊట కూడా ఒకటి కాదు.

అంగుళం: ఒక్క క్షణపు కొలత

బోరుబావితో కొలత మారింది. ‘రెండంగుళాల నీళ్లు పడ్డాయి’ అనడం వాడుకైంది. ఇది బోరు వేసిన నాడు బయటికి వచ్చిన ధారను చెబుతుంది. ఆ ధార వేసవి దాకా నిలుస్తుందో లేదో చెప్పదు. ఊట రాబడిని సూచిస్తే, అంగుళం ఖర్చును సూచిస్తుంది. ఖర్చును రాబడిగా భావించి తోట పెట్టిన రైతు అప్పుల్లో పడతాడు. మోటబావిలో మట్టం కంటికి కనిపించేది. బోరులో అది గొట్టం చాటున దాగిపోయింది. పొరుగు బోరు తన నీటిని ఎంత లాగుతున్నదో తెలుసుకొనే అవకాశమూ పోయింది.

లెక్క తిరిగి రైతు చేతికి

నెదర్లాండ్స్ సహాయంతో 1995లో మొదలైన ఏపీవెల్ పథకం, దాని తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే భూగర్భ జలాన్ని నిర్వహించుకొనేలా సాగిన పథకం ప్రకాశంతో సహా ఏడు జిల్లాల్లో అమలయ్యాయి. రెండవ పథకంలో రైతులే వర్షపాతాన్నీ బావుల నీటిమట్టాన్నీ కొలిచి, రబీకి ముందు ఉమ్మడిగా పంటల నీటి లెక్క వేసుకున్నారు. పంట ఎంపిక మాత్రం ఎవరికి వారిదే. 2002 నాటి వాల్టా చట్టం అనుమతుల ద్వారా బోర్లను అదుపు చేయాలనుకుంది. ఈ పథకం సమాచారంపై ఆధారపడింది. చారిత్రకంగా చూస్తే ఇది ఊట అనే భావనను బోరుబావి కాలానికి తిరిగి తెచ్చే ప్రయత్నం.

ముగింపు

భూగర్భ జల నమూనా ఎంత సూక్ష్మమైనదైనా, నీరు తోడే మనిషికి అర్థమైనప్పుడే తోడకాన్ని మార్చగలదు. అందుకు అతని భాషలోని మాట కావాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ పదాలను సేకరించింది. బోరుబావి కాలపు పదాలకు అటువంటి కృషి ఇంకా అవసరం. మోట తోలిన తరం కనుమరుగయ్యేలోగా ఆ పని చేపట్టడం తెలుగు శాఖల బాధ్యత.