కాగజ్‌నగర్: చేతులు మారిన మిల్లు

కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైలు మంచిర్యాల, బెల్లంపల్లి దాటాక సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్‌లో ఆగుతుంది. ఒకప్పుడు ఇక్కడ కొత్తపేట అనే చిన్న పల్లె ఉండేది. 1938లో, నిజాం పాలనలో, సిర్పూర్ పేపర్ మిల్స్ పుట్టింది. 1942లో ఉత్పత్తి మొదలైంది. పల్లె పట్నమైంది, మిల్లు తీసే కాగితమే ఊరి పేరైంది.

మిల్లుకు ఈ చోటు దొరకడం వెనుక లెక్క ఉంది. చుట్టూ ఆదిలాబాద్ అడవుల్లో వెదురు, దగ్గర్లో పెద్దవాగు నీళ్లు, బెల్లంపల్లిలో బొగ్గు, సరుకు పంపడానికి రైలు మార్గం. స్వదేశీ పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చేందుకు హైదరాబాద్ రాజ్యం 1929లోనే పారిశ్రామిక ట్రస్టు నిధిని ఏర్పాటు చేసింది. వరంగల్‌లో ఆజంజాహి బట్టల మిల్లు, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ, సిర్పూర్‌లో కాగితం మిల్లు, అన్నీ 1930లలోనే లేచాయి. వాటి చుట్టూ క్వార్టర్లు, బడులు, దవాఖానాలు, బజార్లు పెరిగాయి. మూడు షిఫ్టుల సైరనే ఊరికి గడియారం. కాగజ్‌నగర్‌కు దూర ప్రాంతాల నుంచీ పనివాళ్లు రావడంతో తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ అక్కడి వీధుల్లో కలిసిపోయాయి.

నిజాం పాలన పోయాక మిల్లు బిర్లాల చేతికి, ఆ తర్వాత పొద్దార్ల చేతికి వెళ్లింది. అలా వాటాలు చేతులు మారినప్పుడు కార్మికుడికి కలిగే నష్టం తక్కువ. యజమాని మారినా కంపెనీ అదే. సర్వీసు, గ్రాట్యుటీ, క్వార్టరు పాత లెక్కలోనే సాగుతాయి. వాటాలు మారడానికీ, మిల్లు దివాలా తీసి చేతులు మారడానికీ ఉన్న తేడా చిన్నది కాదు, తర్వాతి కథంతా దీని మీదే నడిచింది.

వెదురు దూరమైంది, సుబాబుల్, జామాయిల్ కలపకు పోటీ పెరిగింది, విస్తరణకు తెచ్చిన అప్పులు మెడకు చుట్టుకున్నాయి. 2014 సెప్టెంబరులో యంత్రాలు ఆగాయి. వందమంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీని మూయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని, పరిహారం చెల్లించాలని పారిశ్రామిక వివాదాల చట్టం అప్పట్లో చెప్పేది. కానీ ‘మూశాం’ అని కాగితం మీద రాయకుండానే ఉత్పత్తి ఆగిపోతే ఆ రక్షణ ఎక్కడ పనికొస్తుంది? దేశంలో ఎన్నో మిల్లుల్లో ఇదే జరిగింది. జీతం రాదు, లెక్క తేలదు, ఉద్యోగం పోయిందని చెప్పే చీటీ కూడా చేతికి రాదు. కాగజ్‌నగర్‌లో అలా నాలుగేళ్లు గడిచాయి. కొందరు వలస పోయారు, కొందరు దొరికిన కూలికి వెళ్లారు. బజారులో దుకాణాలు డీలా పడ్డాయి.

ఇంతలో 2016లో దివాలా చట్టం వచ్చింది. హైదరాబాద్‌లోని కంపెనీ లా ట్రిబ్యునల్ ముందుకు మిల్లు కేసు వెళ్లింది. 2018 జూలైలో జేకే పేపర్ ప్రణాళికకు ఆమోదం దొరికింది. తెలంగాణ ప్రభుత్వం రాయితీలు ప్రకటించింది. మరమ్మతుల తర్వాత మిల్లు మళ్లీ కాగితం తీసింది. ఇది నిజమైన విజయం, ఇందుకు పాటుపడిన వారిని మెచ్చుకోవాల్సిందే. ఎందుకంటే మిగతా రెండు మిల్లులకు ఈ అదృష్టం దక్కలేదు. 1974లో జాతీయ జౌళి సంస్థ కిందికి వెళ్లిన ఆజంజాహి 2002లో మూతపడింది, దాని భూములు ప్లాట్లయ్యాయి. అదే 2002లో బోధన్ ఫ్యాక్టరీని నడిపే నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటుపరమైంది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. చెరకు రైతు, చక్కెర కార్మికుడు ఒకేసారి రోడ్డున పడ్డారు.

అయినా కాగజ్‌నగర్‌లో బతికింది కంపెనీ. మిల్లు తెరిచాక పాతవాళ్లలో కొందరికే పని దొరికింది. ఎవరిని తీసుకోవాలి, పాత బకాయిలో ఎంత చెల్లించాలి అన్నవి ట్రిబ్యునల్ ఆమోదించిన ప్రణాళిక చెప్పినట్టే జరుగుతాయి. అందులో చోటు దొరకని బాకీ రద్దయినట్టేనని సుప్రీంకోర్టు 2021లో తేల్చింది.

మరి ఆ ప్రణాళికకు ఓటేసేది ఎవరు? అప్పిచ్చిన బ్యాంకుల కమిటీ. జీతం బాకీ ఉన్న కార్మికుడిని చట్టం ‘ఆపరేషనల్ క్రెడిటర్’ అంటుంది. అంటే కమిటీ విషయంలో కలప, రసాయనాలు అప్పుమీద ఇచ్చిన వ్యాపారితో సమానం. అలాంటివారి బాకీ మొత్తం అప్పులో పది శాతానికి తగ్గకుండా ఉంటే వాళ్ల ప్రతినిధి కమిటీ సమావేశంలో కూర్చోవచ్చు, ఓటు మాత్రం ఉండదు. కార్మికుల తరఫున యూనియన్ దివాలా పిటిషన్ వేయవచ్చని తేలడానికి కూడా 2019లో సుప్రీంకోర్టు తీర్పు దాకా ఆగాల్సి వచ్చింది. బ్యాంకు ఒక మిల్లులో పోగొట్టుకున్నది ఇంకో ఖాతాలో సర్దుకోగలదు. ముప్ఫై ఏళ్లు డైజెస్టర్ దగ్గర నిలబడి గుజ్జు ఉడికించిన మనిషికి రెండో ఖాతా ఎక్కడుంది?

కంపెనీల పునర్వ్యవస్థీకరణ అవసరమే, మూతపడ్డ మిల్లు కంటే చేతులు మారిన మిల్లు మేలు. అయితే దివాలా చట్టాన్ని ఈసారి సవరించేటప్పుడు రుణదాతల కమిటీలో కార్మిక ప్రతినిధికి ఓటు ఇవ్వాలి. పాత ఉద్యోగులకే మొదటి అవకాశమన్న షరతును ప్రతి ప్రణాళికలో తప్పనిసరి చేయాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఎంపీలు పార్లమెంటులో ఈ రెండూ అడగాలి.