పేరు చెప్పని రేడియో డాక్టర్

ఇవాళ యూట్యూబ్ తెరిస్తే డాక్టర్ల వీడియోలు బోలెడు. షుగర్, థైరాయిడ్, మోకాళ్ళ నొప్పులు, ఏది వెతికినా తెల్లకోటు వేసుకుని ఎవరో ఒకరు చెప్తూ కనిపిస్తారు. కింద పేరు, డిగ్రీలు, క్లినిక్ ఫోన్ నంబర్. అలాంటిది, పేరు కూడా చెప్పకుండా ఒక దేశం మొత్తానికి డాక్టర్ అయిపోయిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయనే చార్లెస్ హిల్. 1904లో లండన్‌లో పుట్టారు.

కేంబ్రిడ్జ్‌లో చదివి డాక్టరయ్యారు. ఆక్స్‌ఫర్డ్‌లో కొన్నాళ్ళు పబ్లిక్ హెల్త్ ఉద్యోగం చేసి, 1932లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్‌లో చేరారు. అంటే రేడియోకి వచ్చేనాటికి ఆయన రోజువారీ పని రోగుల్ని చూడటం కాదు, డాక్టర్ల సంఘం ఆఫీసు నడపడం. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1940లో బ్రిటన్‌లో యుద్ధకాలపు రేషన్ మొదలైంది. ఉన్న సరుకుతోనే ఆరోగ్యంగా ఎలా తినాలో చెప్పడానికి బీబీసీ పొద్దున ఎనిమిది గంటల వార్తల తర్వాత 'కిచెన్ ఫ్రంట్' అనే చిన్న కార్యక్రమం పెట్టింది. అందులో హిల్ గొంతు వినిపించేది. డాక్టర్లు తమ పేరుని ప్రచారం చేసుకోకూడదని వృత్తి నియమం ఉండేది. అందుకే ఆయన కేవలం 'రేడియో డాక్టర్'.

బొంగురు గొంతు, ఇంట్లో పెద్దాయన మాట్లాడినట్టు మాటలు. కడుపు, పేగులు, మలబద్ధకం, ఇవన్నీ రేడియోలో మాట్లాడటానికి జనం మొహమాటపడే రోజుల్లో ఆయన నవ్విస్తూ చెప్పేసేవారు. మలబద్ధకానికి పనికొచ్చే ఎండు ప్రూన్ పళ్ళకి 'నల్లకోటు ఉద్యోగులు' అని పేరు పెట్టారు. అప్పట్లో ఆఫీసు గుమాస్తాలను అలా అనేవారు. 1943లో ఆయన చెప్పినవి పుస్తకంగా కూడా వచ్చాయి.

అసలు కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. 1944లో హిల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. యుద్ధం తర్వాత లేబర్ ప్రభుత్వం అందరికీ ఉచిత వైద్యం తెస్తానంది. ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్. డాక్టర్లని జీతగాళ్ళుగా మార్చేస్తారని అసోసియేషన్ భయం. 1948 ఫిబ్రవరిలో ఓటింగ్ పెడితే దాదాపు 40 వేల మంది వ్యతిరేకించారు, ఒప్పుకున్నవాళ్ళు 5 వేల లోపే. ఆ పోరాటంలో ముందున్నవాళ్ళలో మన రేడియో డాక్టర్ ఒకరు. చట్టం మార్చకుండా డాక్టర్లని పూర్తి జీతం కిందికి తీసుకురామని బెవన్ హామీ ఇచ్చాక వ్యతిరేకత తగ్గింది. 1948 జులై 5న నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలైంది.

1950 ఎన్నికల్లో అదే గొంతుతో హిల్ కన్జర్వేటివ్ పార్టీ తరఫున రేడియోలో ప్రసంగించారు. అప్పటికి ఆ గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. లూటన్ నుంచి ఎంపీగా గెలిచారు. 1955లో పోస్ట్‌మాస్టర్ జనరల్ అయ్యారు, ప్రసారాలు ఆ శాఖ కిందే ఉండేవి. పిల్లలు పడుకోవాలని సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా టీవీ ఆపేసే పద్ధతిని తీసేయాలన్న నిర్ణయం ఆయన హయాంలోనే జరిగింది, 1957లో అది పోయింది. 1967లో ఏకంగా బీబీసీ ఛైర్మన్!

నాకు తెలిసిన భాషలో చెప్పాలంటే, ఇది ఒక యాప్‌కి ఇచ్చిన లాగిన్‌తో ఇంకో యాప్‌లోకి వెళ్ళడం లాంటిది. జనం ఆయన్ని నమ్మింది తిండి విషయంలో. ఆ నమ్మకం వైద్య విధానం మీద వాదనకీ, ఓటుకీ కూడా వెంట వెళ్ళింది. హిల్‌ది తప్పని నేను అనను. డాక్టర్‌కి కూడా రాజకీయ అభిప్రాయం ఉండొచ్చు, డాక్టర్ల తరఫున మాట్లాడటం ఆయన ఉద్యోగం కూడా. కానీ ప్రూన్స్ తినమన్నప్పుడు ఆయనకి సొంత లాభం ఏమీ లేదు, ఓటు అడిగినప్పుడు ఉంది. గొంతు మాత్రం ఒక్కటే.

కాబట్టి ఈసారి మీకు నచ్చిన డాక్టర్ వీడియో చూసేటప్పుడు ఒక్క చిన్న పని చేయండి. ఆయన ఇప్పుడు చెప్తున్నది తనకి తెలిసిన వైద్యమా, లేక పౌడర్ డబ్బానో, పార్టీనో అమ్ముతున్నారా? టాపిక్ మారిన ప్రతిసారీ మళ్ళీ లాగిన్ అడగండి.