గోధుమ ఓడల రాజకీయం: పి.ఎల్. 480లో అధికార రూపాలు

భారత్‌కు గోధుమలు పంపేందుకు అమెరికా చేసుకున్న పి.ఎల్. 480 ఒప్పందం గడువు 1965 జూన్‌తో ముగిసింది. అంతకుముందు 1960లో ఆహార మంత్రి ఎస్.కె. పాటిల్ వాషింగ్టన్‌లో సంతకం చేసిన ఒప్పందం నాలుగేళ్లలో కోటీ అరవై లక్షల టన్నుల గోధుమలకు, పది లక్షల టన్నుల బియ్యానికి హామీ ఇచ్చింది. ఈసారి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ అంత పెద్ద మాట ఇవ్వలేదు. కొద్ది నెలలకు సరిపడా సరుకుకే అనుమతిస్తూ, ప్రతి దఫా నిర్ణయాన్నీ తన చేతిలోనే పెట్టుకున్నారు. ఆ రోజుల్లో భారత్‌లో వాన ఎక్కడ పడిందో, ఎక్కడ మొహం చాటేసిందో తనకు తెలుసని తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. ఆ ఏడాది రుతుపవనాలు దెబ్బతీశాయి. 1964–65లో 8.9 కోట్ల టన్నులున్న ఆహారధాన్యాల దిగుబడి మరుసటి ఏడాది 7.2 కోట్లకు పడిపోయింది. 1966లో దిగుమతులు కోటి టన్నుల దాకా వెళ్లాయి. ఓడ దిగిన గింజ గిడ్డంగిలో నిలవకుండానే రేషన్ షాపుకు పోయే రోజులవి.

తనంతట తాను చేయని పనిని ఎదుటివాడి చేత చేయించగలగడమే అధికారమని రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ డాల్ 1957లో అన్నారు. ఈ ఘట్టానికి ఆ నిర్వచనం అతికినట్టు సరిపోతుందనిపిస్తుంది. మన రాజకీయ ప్రసంగాల్లో దీన్ని చెప్పుకునే తీరు కూడా అదే: అమెరికా మెడ మీద కత్తి పెట్టింది, మనం తలవంచలేదు. ఇందులో ఏ సగమూ పూర్తిగా నిజం కాదు. ప్రపంచ రాజకీయాల్లో అధికారాన్ని మైకేల్ బార్నెట్, రేమండ్ డువాల్ 2005లో నాలుగు రకాలుగా చూశారు: నేరుగా పెట్టే ఒత్తిడి, సంస్థల చాటున నడిచేది, ఎవరి స్థానం ఏమిటో ముందే తేల్చే నిర్మాణం, మనుషుల ఆలోచనలనే మలిచేది. ఉదాహరణలను ఏరి ఈ నాలుగు అరల్లో సర్దడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఒకే సరుకు ఒకే కాలంలో ఇన్ని రకాలుగా ఎలా పనిచేసింది, అందులో ఏది ఎంతకాలం నిలిచింది అన్నదే అసలు ప్రశ్న.

1965 నవంబరులో వ్యవసాయ మంత్రి సి. సుబ్రమణ్యం, అమెరికా వ్యవసాయ కార్యదర్శి ఆర్విల్ ఫ్రీమన్ రోమ్‌లో కలుసుకుని గుట్టుగా ఒక అంగీకారానికి వచ్చారు. వ్యవసాయానికి నిధులు పెంచాలి, ఎరువుల కర్మాగారాల్లోకి విదేశీ పెట్టుబడిని రానివ్వాలి, మేలురకం విత్తనాలకు పెద్దపీట వేయాలి. పైకి చూస్తే ఇది లొంగుబాటే. కానీ అందులో చాలా భాగం సుబ్రమణ్యం 1964లో వ్యవసాయ శాఖ చేపట్టినప్పటి నుంచీ ఢిల్లీలో వాదిస్తున్నదే. ఎరువులకు విదేశీ మారకద్రవ్యం ఎక్కడిదని ఆర్థిక శాఖ అడ్డుపడేది. భారీ పరిశ్రమలను కాదని పొలాలకు డబ్బు మళ్లించడం ప్రణాళికా సంఘంలో చాలామందికి మింగుడుపడలేదు. ఆ తగవులో వాషింగ్టన్ ఒత్తిడి ఆయనకు అందివచ్చింది. 1966లో 18,000 టన్నుల మెక్సికో గోధుమ విత్తనం దేశంలోకి వచ్చింది.

మరి ఇక్కడ ఎవరు ఎవరి చేత చేయించారు? డాల్ సూత్రంలో ఎదుటివాడు ఒక్కడే, అతని మనసూ ఒక్కటే. ఢిల్లీలో ఉన్నది తమలో తాము తగవుపడే శాఖల ప్రభుత్వం. బయటి బేరం, ఇంటి బేరం ఒకేసారి నడుస్తాయని రాబర్ట్ పట్నం 1988లో చూపించిన పద్ధతి ఇక్కడ ఎక్కువ ఉపయోగపడుతుంది.

వియత్నాం విషయంలో మాత్రం కథ వేరు. 1966 మార్చిలో ఇందిరా గాంధీ అమెరికా వెళ్లి, సాయం మీద ఆశలతో తిరిగి వచ్చారు. ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ కొంతకాలంగా ఒత్తిడి చేస్తున్న రూపాయి విలువ తగ్గింపు జూన్ 6న జరిగింది: డాలరుకు రూ. 4.76 ఉన్నది రూ. 7.50 అయింది. జూలైలో ఆమె మాస్కోలో ఉండగా వెలువడిన ఉమ్మడి ప్రకటన వియత్నాం యుద్ధాన్ని తప్పుపట్టడంతో జాన్సన్‌కు ఒళ్లు మండింది. బిహార్ కరువు వాకిట్లో ఉండగానే సరుకు అనుమతులు ఆలస్యమయ్యాయి. అయినా ఢిల్లీ మాట మార్చుకోలేదు. మారకపు రేటు నిపుణుల గదుల్లో తేలే వ్యవహారం. వియత్నాం వీధిలోని మాట, పైగా 1967 ఎన్నికలు ముంగిట్లో ఉన్నాయి. బహిరంగంగా తలవంచమన్నందువల్లే ఆ ఒత్తిడి పనిచేయలేదని నా అభిప్రాయం. జాన్సన్‌కు దక్కింది ఇంకొకటి: ఎలాగైనా ఈ గోధుమల నుంచి బయటపడాలన్న పట్టుదల భారత్‌లో పెరిగింది. 1965–66లో కోటి టన్నుల పైచిలుకు ఉన్న గోధుమ దిగుబడి 1967–68లో 1.65 కోట్లకు చేరింది. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలోకి అమెరికా యుద్ధనౌక ఎంటర్‌ప్రైజ్ వచ్చే నాటికి బెదిరించడానికి గోధుమ ఓడ మిగల్లేదు.

గోధుమల ధరను భారత్ డాలర్లలో కాక రూపాయల్లో చెల్లించడం ఇందులో మరో చిక్కు. ఆ సొమ్ము ఇక్కడే అమెరికా ఖాతాలో పేరుకుంది. ఒక్కసారిగా ఖర్చుపెడితే ధరలు భగ్గుమంటాయి, బయటికి తీసుకుపోదామంటే రూపాయికి బయట చెలామణి లేదు. అప్పు ఇచ్చినవాడే దాన్ని వాడుకోలేని స్థితి. నిర్మాణపరమైన అధికారం గురించి సూసన్ స్ట్రేంజ్ రాసినదంతా డాలరు వైపు నుంచి చూసినది. ఇక్కడ రూపాయి బలహీనతే భారత్‌కు కొంత రక్షణ అయింది.

ఆ రూపాయల్లో చిన్న వాటా పుస్తకాలకు పోయింది. 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. తెలుగు నవలలు, కవితా సంపుటాలు, పత్రికలు అలా సముద్రం దాటాయి. అక్కడి తెలుగు అధ్యయనాలకు ఆ పుస్తకాలే పునాది. సాఫ్ట్ పవర్ అంటే తన సంస్కృతితో ఇతరులను ఆకట్టుకోవడమని జోసెఫ్ నై చెప్పినదానికి ఇది తలకిందుల ఉదాహరణ. ఇక్కడ అమెరికా తన సంస్కృతిని పంపలేదు, మనదాన్ని మన డబ్బుతోనే కొని చదివింది. భారత్‌ను తెలుసుకున్న విద్వాంసుల తరాన్ని అక్కడ తయారుచేసుకుంది. అదే కాలంలో ఇక్కడి బడిపిల్లలకు అమెరికా రవ్వతో ఉప్మా అందేది. దాన్ని ఇష్టంగా తలుచుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. వయ్యారిభామ మొక్క ఆ గోధుమలతోనే వచ్చిందని తిట్టుకునేవారూ ఉన్నారు, అది అంతకుముందే దేశంలో ఉందన్న వాదన ఉన్నా.

1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి డేనియల్ ప్యాట్రిక్ మోయ్నిహన్ రూ. 1,664 కోట్ల చెక్కును భారత ప్రభుత్వానికి అందజేశారు. ఖాతాలో పేరుకున్న రూపాయల్లో అధిక భాగం అలా రద్దయింది. మిగిలినదాన్ని అమెరికా ఇక్కడి తన ఖర్చులకు ఉంచుకుంది.