సీపత్ సీమలో ఆటయు అధికారమును

బిలాస్‌పూర్ నగరమునకు ఇరువది కిలోమీటర్లకు పైచిలుకు దూరమున, వరిపొలముల నడుమ, పొడవైన పొగగొట్టములతో నిలిచియున్న సీపత్ విద్యుత్కేంద్రమును చూచువారికి ఆటల చరిత్ర జ్ఞప్తికి వచ్చుట అరుదు. ఐనను, ఈ సీమలో ఫోను పట్టుకొని కూర్చున్న యువకుని వినోదము ఎచ్చటినుండి వచ్చినదో, ఎవరి యనుజ్ఞచే నిలిచియున్నదో తెలియగోరువారు ఈ కేంద్రమునుండి మొదలిడుట మంచిది. ఎన్.టి.పి.సి. వారి ఈ 2980 మెగావాట్ల కేంద్రమున 660 మెగావాట్ల యూనిట్లు మూడును, 500 మెగావాట్ల యూనిట్లు రెండును కలవు. పెద్ద యూనిట్లు మూడింటికిని బాయిలర్లు కొరియా దేశపు దూసాన్ సంస్థనుండియు, టర్బైన్లు రష్యా దేశపు పవర్ మెషీన్స్ సంస్థనుండియు తెప్పింపబడినవి. మండు బొగ్గు మాత్రము కోర్బా సీమలోని దీప్కా గనిది. ఆటలును అట్లే: ఇచ్చటి తండ్రుల తరము ముచ్చటపడి ఆడుకొనిన టెట్రిస్ మాస్కోలో పుట్టినది. కొడుకుల తరమును నిద్రకు దూరముచేసిన పబ్జీ కొరియాలో పుట్టినది.

దీనిని కాకతాళీయమని కొట్టివేయవచ్చును. కాని ఆటలలోనికి రాజకీయమును లాగరాదని నేటి ఆటగాండ్రు పలువురు గట్టిగా వాదించునపుడెల్ల నాకు ఈ యంత్రములే గుర్తునకు వచ్చుచుండును. నేనును ఆ గుంపులోనివాడనే యైనను, ఈ వాదమున వారితో ఏకీభవింపజాలను. ఆట రాజకీయమునకు దూరముగా ఎన్నడును లేదు. కాలక్రమమున మారినదేమనగా, ఆటగాని చేతిలో నిలుచు వస్తువు నానాటికి కరగిపోవుటయు, దానిపై అధికారము వారి చేయి నానాటికి సులువుగా పడుటయు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూరునుండి తూర్పుగా ఛత్తీస్‌గఢ్ మైదానమును దాటి అసన్‌సోల్ దిక్కునకు మార్గము వేయుచు, కట్నీ వైపు పోవు శాఖను ఇచ్చట చీల్చి, బిలాస్‌పూరును ఒక పెద్ద జంక్షనుగా మార్చెను. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో తూర్పుతీరపు రైలుమార్గమునందలి ఉత్తరభాగము అదే కంపెనీ యధీనమునకు వచ్చుటతోను, 1931లో విజయనగరము రాయపూరు మార్గము పూర్తియగుటతోను, ఉత్తరాంధ్రమునుండి ఉద్యోగము వెదకుకొనుచు బయలుదేరినవారికి ఖరగ్‌పూరు, రాయపూరు, బిలాస్‌పూరు పరాయి ఊళ్లు కాకపోయెను. ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా, గ్యాంగుమన్లుగా, గుమాస్తాలుగా వచ్చిన తెలుగువారు రైల్వే క్వార్టర్లలో కాపురములు పెట్టి, బయట హిందీయు ఛత్తీస్‌గఢీయు, ఇంట తెలుగును మాటాడుచు, తరతరములుగా ఆ ఊరివారైరి.

రైల్వే కాలనీలలో ఇన్‌స్టిట్యూట్ అను వినోదశాల యుండెడిది. దొరలకు వేరు, దేశీయులకు వేరు. దొరల శాలలో బిలియర్డ్సు బల్ల, దేశీయుల శాలలో క్యారమ్సును పేకయు. రైలు నడుపువారికి వేళాపాళ లేని కొలువగుటచే, డ్యూటీ ఎప్పుడు పడునో తెలియని ఆ విరామమును నింపుటకు పదమూడు ముక్కల రమ్మీ ఆటను మించినది మరొకటి దొరకలేదు. చేతిలో లైఫ్, అనగా జోకరు లేని వరుస, పడి, ఒక్క ముక్క వచ్చినచో షో చెప్పుటకు సిద్ధముగా నున్నవాని యొద్దకు డ్యూటీ పిలుపులు మోయు కాల్‌బాయ్ పుస్తకము తెచ్చి సంతకము పెట్టుమనినచో, ఆ చేతిని అట్లే బోర్లించి లేవవలసినదే. సరకుబండి ఎవరి జోకరు కొరకును ఆగదు. డ్యూటీ పిలుపు వచ్చి లేచినవానికి డ్రాప్ కౌంటు వేయవలెనా, ఫుల్ కౌంటు వేయవలెనా యను తగవులో, నా యెరుకలో, ఏ ఆటగాడును ఓడినట్లు ఒప్పుకొనలేదు.

ఈ పేకముక్కల తలపై 1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టము వ్రేలాడుచుండెను. నాటి సెంట్రల్ ప్రావిన్సులకు వర్తించుటచే బిలాస్‌పూరు జిల్లాకును అది వర్తించెను. ఆ చట్టము చదువ ముచ్చటగొలుపును: జూదశాలయని అనుమానించిన ఇంటిలో ప్రవేశించుటకు మేజిస్ట్రేటు గాని, జిల్లా పోలీసు సూపరింటెండెంటు గాని స్వయముగా రావలెను, లేదా వారంటు ఈయవలెను, లోపల ముక్కలో, పాచికలో దొరికినచో అవియే సాక్ష్యము, కేవలము నైపుణ్యముపై నడచు ఆటలకు మాత్రము మినహాయింపు కలదు. దొరతనమువారి చట్టమును పొగడుట నా యుద్దేశము కాదు. కాని ఆటను ఆపవలెనన్నచో అధికారి ఇంటి గుమ్మము దాకా నడచి రావలసియుండెనని మాత్రము గమనింపవలెను. వస్తువు ఆటగాని పెట్టెలో నుండుటయే దానికి కారణము.

నిషేధము ఆటను చంపదు, వేషము మార్పించును అనుటకు జపాను చరిత్రలో చక్కని తార్కాణము కలదు. పోర్చుగీసువారు తెచ్చిన పేకను పదునేడవ శతాబ్దమున అచ్చటి ప్రభుత్వము నిషేధింపగా, జనులు అంకెలు తీసివేసి బొమ్మలు వేసిరి; ఆ బొమ్మల పేకను నిషేధింపగా మరియొక బొమ్మలు వేసిరి; అట్లు మారి మారి తుదకు పూవుల చిత్రములతో హనఫుడా అను పేక పుట్టెను. దానిపై ఆంక్షలు సడలిన కొలది కాలమునకు, 1889లో, క్యోటో నగరమున ఆ పూలముక్కలు తయారుచేయుటకై ఒక చిన్న దుకాణము వెలసెను. దాని పేరు నింటెండో. ఇచ్చట బెంగాల్ నాగపూర్ రైల్వేవారు మార్గము పరచుచుండిన దశాబ్దమే అది.

రమ్మీ జూదమా, నైపుణ్యమా అను ప్రశ్నకు మన దేశమున సమాధానము తెచ్చినది తెలుగుగడ్డయే. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు హైదరాబాదు జూద చట్టము క్రింద పెట్టిన కేసు సర్వోన్నత న్యాయస్థానము దాకా పోయి, సత్యనారాయణ కేసుగా ప్రసిద్ధి చెందెను. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకును, ఏది పట్టవలెనో ఏది వదలవలెనో నిర్ణయించుటకును నేర్పు కావలెను గనుక రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆటయని 1967లో తీర్పు వచ్చెను. ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి హిదాయతుల్లా రాయపూరు పాఠశాలలో చదువుకొనినవారు. నేడచ్చట ఆయన పేర న్యాయవిశ్వవిద్యాలయము కలదు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ బల్లపై ఎన్నడో తేలిన సంగతికి ఢిల్లీలో ముద్ర పడుటకు ఛత్తీస్‌గఢ్ సీమలో పెరిగిన మనుజుడే నిమిత్తమయ్యెను.

పిమ్మట వచ్చినది క్యాసెట్ల కాలము. 1983లో నింటెండోవారు జపానులో విడుదలచేసిన ఫ్యామికామ్ యంత్రమునకు తైవాను, చైనా కార్ఖానాలు ఎవరి యనుమతియు లేక నకళ్లు తీసి ప్రపంచమునంతటను పోయగా, 1990ల నాటికి అవి మన బజారులకును చేరెను. పసుపుపచ్చని ప్లాస్టిక్కు క్యాసెట్టుపై లక్షల ఆటలున్నవని అచ్చువేసియుండును. లోపల ఉన్నవి పట్టుమని పది, మిగిలినవి వాని పునరావృత్తులే. దానిని యంత్రములో గ్రుచ్చినపుడు తెరపై బూడిదరంగు గళ్లు కనబడినచో, తీసి, అడుగున నున్న రాగిపట్టీలపై నోటితో గట్టిగా ఊది, మరల గ్రుచ్చవలెను. ఆ ఊదుటవలన నిజముగా ఫలితమేమియు లేదని, మరల గ్రుచ్చుటయే పనిచేసినదని తెలిసినవారు చెప్పుదురు. నోటి తడిచే పట్టీలు చిలుము పట్టెడివట. ఆటను మధ్యలో భద్రపరచు వీలు వానిలో పెక్కింటికి లేకుండుటచే, కరెంటు పోయినచో మారియో మరల మొదటి గోడకడకే వచ్చును. మన ఊళ్లలో ఆటగాని ప్రధానశత్రువు తెరపైని రాక్షసుడు గాక విద్యుచ్ఛాఖ యగుట ఆ కాలపు విశేషము.

ఆ క్యాసెట్లలో మిక్కిలి ప్రియమైనది కాంట్రా. చొక్కాలు లేని సైనికులిరువురు అడవిలో తుపాకులు పేల్చుచు పరుగెత్తు ఆ ఆటను ఆడినవారిలో ఎందరికి నికరాగువా పేరు తెలియును? అమెరికా సాయముతో ఆ దేశపు ప్రభుత్వముపై తిరుగబడినవారికి కాంట్రాలని పేరు. వారెదిరించిన పక్షము శాండినిస్టాలు. 1987 నాటి మూలపు ఆటలో ముగింపు సంగీతమునకు పెట్టిన పేరు శాండినిస్టా. రాజకీయమును మనము ఆటలోనికి లాగుచున్నామా, లేక అది చిరకాలమునుండి అచ్చటనే కాపురమున్నదా యని ఆలోచింపవచ్చును.

టెట్రిస్ కథ మరింత విచిత్రము. 1984లో మాస్కోలోని సోవియట్ విజ్ఞాన అకాడమీ గణనకేంద్రమున అలెక్సీ పాజిట్నోవ్ అను ఉద్యోగి, ఎలెక్ట్రోనికా 60 అను యంత్రముపై తన పనినడుమ దీనిని కల్పించెను. ప్రభుత్వోద్యోగి కల్పన గనుక హక్కు ప్రభుత్వమునది. విదేశములకు అమ్ము బాధ్యత ఎలోర్గ్ అను ప్రభుత్వ సంస్థది. 1989లో చేతియంత్రముల హక్కు నింటెండోకు దక్కగా, గేమ్ బాయ్‌తోపాటు ఆ ఆట లోకమెల్ల వ్యాపించినను, కల్పించినవానికి రాయల్టీ చేరుట 1996లో మొదలయ్యెను. అప్పటికి సోవియట్ రాజ్యమే లేదు. మన జాతరలలో, రైల్వే ప్లాటుఫారములపై అమ్ముడుపోయిన బ్రిక్ గేమ్ అను చౌకబొమ్మ దాని అనధికార సంతతియే. సోవియట్ రాజ్యమునకు గాని, నింటెండోకు గాని దానివలన దమ్మిడీ ముట్టలేదు. ఐనను, కొనినవాని చేతినుండి ఆ బొమ్మను లాగుకొనగలవాడును ఎవడును లేకుండెను.

ఆటబొమ్మ ఆయుధమగుటయు ఈ కాలముననే. 2000లో ప్లేస్టేషన్ 2 విడుదలయైనపుడు, అందలి భాగములు క్షిపణులను నడుపుటకు పనికిరావచ్చునని జపాను ప్రభుత్వము దాని ఎగుమతిపై నియంత్రణ పెట్టెను. 2010లో అమెరికా వైమానికదళము 1760 ప్లేస్టేషన్ 3లను జతచేసి సూపర్ కంప్యూటరును నిర్మించెను. ఆటలలో బొమ్మలు గీయుటకు పుట్టిన ఎన్విడియా చిప్పులపై కృత్రిమమేధ పెరుగగా, 2022 అక్టోబరునుండి అమెరికా చైనాకు శక్తిమంతమైన చిప్పుల అమ్మకమునకు అడ్డుకట్ట వేసి, మరుసటి యేట ఆటగాండ్రు కొను ఆర్‌టిఎక్స్ 4090 కార్డును సైతము ఆ కట్టలోనికి చేర్చెను.

2016లో జియో రాకతో డేటా చౌకయై, 2018లో పబ్జీ మొబైల్ వచ్చుటతో, ఆట ఇంటిటీవీని విడచి ఫోనులోనికి చేరెను. 2020 జూనులో గల్వాన్ లోయలో మన సైనికులు ఇరువదిమంది అమరులైరి. ఆ సెప్టెంబరు 2వ తేదీన కేంద్రప్రభుత్వము సమాచార సాంకేతిక చట్టము 69ఏ విభాగము క్రింద 118 యాపులను నిషేధించెను. అందు పబ్జీ మొబైల్ ఒకటి. ఆట కొరియా వారిదే యైనను, మనకు దానిని నడుపుచుండినది చైనాకు చెందిన టెన్సెంట్. అక్టోబరు 30న సర్వర్లు ఆగిపోయెను. వారంటు లేదు, గుమ్మము దాటుట లేదు, పెట్టె వెదకుట లేదు. సంవత్సరముల తరబడి కూడబెట్టిన ర్యాంకును, డబ్బిచ్చి కొనిన దుస్తులును, ఎక్కడివారి ఫోనులో అక్కడనే చచ్చుబడెను. దేశరక్షణకై చేసిన నిర్ణయమును నేను తప్పుపట్టను. నన్ను ఆశ్చర్యపరచినది ఆ సౌలభ్యము.

ఇక హనఫుడా కథ మరల నడచెను. టెన్సెంటును తప్పించి, 2021 జూలైలో ఆట సొంతదారైన కొరియా సంస్థ క్రాఫ్టన్ అదే ఆటను బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా యను పేర దింపెను. నెత్తురు ఎరుపు విడచి ఆకుపచ్చనయ్యెను. పదునెనిమిదేండ్లలోపువారికి దినమునకు 3 గంటలను పరిమితి వచ్చెను. 2022 జూలైలో అదియు మాయమై, 2023 మేలో మరల ప్రత్యక్షమయ్యెను. బొమ్మలు మార్చి బ్రదికిన జపాను పేకకును దీనికిని భేదమొక్కటే: నాడు వేషము మార్చినది ఆటగాండ్రు, నేడు కంపెనీ.

కంపెనీలైనను ఆటగానిపై ఎక్కువ దయ చూపునని చెప్పజాలము. 2014లో యూబీసాఫ్ట్ అమ్మిన ది క్రూ అను పందెపుకార్ల ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు మూసివేయగా, డిస్కు కొనిన వారికిని అది తెరచుకొనుట మానెను. తాను కొనినది వస్తువు గాదని, అనుమతిపత్రము మాత్రమేయని నాడు పలువురు తెలిసికొనిరి. చిలుము పట్టిన పసుపు క్యాసెట్టు నేటికిని ఆడును.

పందెపు ఆటల విషయమున అధికారము మరింత త్వరపడెను. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను తమ 1974 నాటి జూద చట్టమును సవరించి ఆన్‌లైను రమ్మీని సైతము నిషేధించెను. ఛత్తీస్‌గఢ్ 1867 నాటి చట్టమును విడచి సొంత చట్టము వ్రాసికొనెను. భిలాయిలో మూలములున్న మహదేవ్ అను బెట్టింగు యాపును 2023 నవంబరు 5న కేంద్రము నిరోధింపగా, రెండుదినములకే ఆ రాష్ట్రమున తొలివిడత పోలింగు; ఆ యాపు పేరు పలుకని ఎన్నికల ప్రసంగము నాడు అరుదయ్యెను. తుదకు 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందిన కేంద్రచట్టము, ఈస్పోర్ట్సును ప్రోత్సహించుచునే, డబ్బుతో ఆడు ఆన్‌లైను ఆటలన్నింటిని, నైపుణ్యమైనను అదృష్టమైనను భేదములేక, నిషేధించెను. పందెముల అప్పులలో మునిగి ఇల్లు గుల్లచేసికొనినవారి గోడు విన్నవారెవరును ఆ నిషేధమును తేలికగా నిందింపలేరు. ఐనను సికింద్రాబాదు క్లబ్బు బల్లపై నైపుణ్యమనిపించుకొన్న పదమూడు ముక్కలు, అవే రంగులతో, అదే జోకరుతో, ఫోను తెరమీదికి ఎక్కగానే ఆ హోదాను ఎట్లు కోల్పోవునని కంపెనీలు హైకోర్టులకెక్కినవి. ఆ వ్యాజ్యములను సర్వోన్నత న్యాయస్థానము తనకడకు తెప్పించుకొనినది.