ఇల్లే రథమైనప్పుడు

మోటారుహోమ్ అనగానే మనవారికి అమెరికా బంధువులు పంపే ఛాయాచిత్రాలు గుర్తుకువస్తాయి. మా గుడివాడ సీమవారికి మాత్రం అటువంటి బండి 1982లోనే పరిచయం. దానిపేరు చైతన్యరథం.

అది పాత షెవ్రొలే వ్యాను. ఆ ఏడు మార్చి 29న తెలుగుదేశం స్థాపించిన మా నిమ్మకూరు బిడ్డ నందమూరి తారక రామారావుగారు దానిని మార్పించి, పైకప్పునే వేదిక చేసుకున్నారు. రథికి 59 ఏండ్లు. సారథి కుమారుడు హరికృష్ణ. పందిళ్ల కోసం ఎదురుచూడనక్కరలేదు, బండి ఆగినచోటే సభ. ఈ సౌఖ్యం చిన్నదేమీ కాదు.

కష్టమూ అక్కడే ఉన్నది. ఇంటికి గడప ఉంటుంది, రథానికి ఉండదు. నిద్ర బండిలో, స్నానం రోడ్డుప్రక్కన. జనం కాచుకొని ఉంటే ఏ వేళనైనా పైకెక్కవలసిందే. తెరపై కృష్ణుడిగా కొలిచిన మనిషి బాటప్రక్క నీళ్లు పోసుకుంటూ కనబడడం, నా దృష్టిలో, ఉపన్యాసాలన్నింటికంటె ఎక్కువ పనిచేసింది.

1983 జనవరిలో గుడివాడ, తిరుపతి రెండుచోట్లా గెలిచి, 9వ తేదీన ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. తండ్రిని రాష్ట్రమంతా త్రిప్పిన ఆ సారథి 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో, తానే నడుపుతున్న కారు ప్రమాదానికి గురై కన్నుమూశారు.